కయ్యపు దిబ్బ మీద ముంతలు

మహోన్నతుడైన దేవునికి స్తోత్రం. నేల మీద రాజులు లేచి పడిపోతున్నా తాను మారనివాడికి స్తోత్రం. గెలిచినవాడి పేరూ ఓడినవాడి పేరూ మనుషులు మర్చిపోయిన చోట కూడా ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎరిగినవాడికి స్తోత్రం. ఈ నాలుగు మాటలు రాసే ఓపిక ఇచ్చినందుకు ఆయనకే మహిమ. ఓపిక అన్నాను గానీ, ఈ మధ్య నాకది బాగా తగ్గింది. ఆయన ఇచ్చినంతలోనే రాస్తాను.

నేను తెనాలిలో ఉంటాను. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో, ఆ ఊరి పక్కన ఉన్న క్రైస్తవుల పేటలో. మా అక్క ఇప్పటికీ అక్కడే, చర్చి వెనక ఇంట్లో, కొడుకూ కోడలితో ఉంటుంది. పోయిన శీతాకాలం, కోతలు అయ్యాక ఒక పొద్దున ఫోన్ చేసింది.

"తమ్ముడూ, టిఫిన్ చేశావా?"

"చేశాను. ఏంటక్కా, గొంతు అలా ఉంది?"

"ఏం లేదురా. ఈసారి తిరునాళ్ళలో ముంత పట్టుకుంటే సంస్కారానికి రావొద్దంటున్నారు అయ్యగారు."

అయ్యగారంటే మా సంఘ కాపరి. పేటకు వచ్చి రెండేళ్ళయిందేమో, వయసులో నా శిష్యుల కంటే చిన్నవాడు. సంస్కారమంటే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం. అక్క ఊహ తెలిసి మొదటిసారి బల్ల అందుకున్న నాటి నుంచి ఒక్క సంస్కారం కూడా వదులుకున్నది కాదు. బావను శుక్రవారం సమాధి చేసి ఆదివారం తెల్లచీరలో వచ్చి మోకరించిన మనిషి. ఆమెకు ఆ బల్ల లేకుండా చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. అయ్యగారికీ తెలుసనే అనుకుంటాను.

ముంత సంగతి చెప్పాలంటే ముందు కయ్యపు దిబ్బ సంగతి చెప్పాలి.

ఊరికీ పేటకీ మధ్య, మురుగు కాలవ గట్టు దాటాక ఒక మట్టిదిబ్బ ఉంది. చుట్టూ వరిచేలు. దిబ్బ మాత్రం ఎవరిదీ కాదు. చందవోలులో రాజులుండే కాలంలో అక్కడ కయ్యం జరిగిందంటారు. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన కథ చాలా పొట్టిది. ఎవరో రాజు సేన వచ్చింది, ఇంకెవరిదో సేన అడ్డుపడింది, పొద్దు గూకేసరికి చాలామంది చచ్చారు, అక్కడే పూడ్చారు, గొడ్లను అటు తోలకూడదు. అంతే. ఎవరు గెలిచారని అడిగితే, "చచ్చినోళ్ళకి ఎవరు గెలిస్తే ఏంట్రా" అనేది.

ఇప్పుడు ఆ కయ్యానికి ఒక వీరుడున్నాడు. అతనికి తల్లిదండ్రులున్నారు, కులముంది, తెల్ల గుర్రముంది, ఫైబరుతో పోసిన విగ్రహముంది. పేరు ముంతల వీరుడు. శత్రువుల సేన మిడతల దండులా దిగితే, మూడువందల మందిని మాత్రం ఏరుకుని, ఒక్కొక్కడి చేతికీ దీపం దాచిన ముంత ఇచ్చి, చీకట్లో దిబ్బ చుట్టూ నిలబెట్టాడట. బూర ఊదగానే అందరూ ముంతలు పగలగొట్టారట. ఆ వెలుగుకి బెదిరి శత్రువులు తమలో తామే నరుక్కుని చచ్చారట. ఏటా కోతలయ్యాక దిబ్బ మీద తిరునాళ్ళ జరుగుతుంది. మునిమాపు వేళ దీపాలు పెట్టిన ముంతలు పగలగొడతారు. మొదట కొట్టేది మా పేట ఆడవాళ్ళు. వాళ్ళలో మొదట మా అక్క.

లేఖనం ఎరిగిన పాఠకులు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ఎరగనివారికి చెబుతాను. ఇశ్రాయేలు ప్రజలకు ఇంకా రాజులు లేని కాలంలో, శత్రువులకు జడిసి గానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్న ఒక మనిషిని దేవుడు పిలిచాడు. మూడువందల మందిని మాత్రమే ఉంచి, బూరలు, కుండల్లో దాచిన దివిటీలు ఇప్పించి, యెహోవా పేరున కేక వేయించి, లెక్కకు రాని సేనను చెదరగొట్టించాడు. మా ముంతల వీరుడి కథ అదే. అందులో చందవోలు రాజుల ముచ్చట ఒక్కటీ లేదు.

దాన్ని దిబ్బ మీదికి తెచ్చింది మా తాత. ఆయన ఉపదేశి, అంటే పాదిరిగారు రాని ఆదివారాలు సంఘానికి వాక్యం చెప్పేవాడు. కోతల పండుగకు ప్రతి ఏడూ పేటవాళ్ళతో నాటకం కట్టించేవాడు. తాటాకుల చర్చిలో జనం పట్టరు. కోసేసిన చేలో ఆడుకుంటామంటే ఆసాములు ఒప్పుకోరు. ఎవరిదీ కాని దిబ్బ ఒక్కటే మిగిలింది. కుండలు కొనే తాహతు లేదు, కల్లుపాక వెనక పారేసిన ముంతలు ఏరుకొచ్చేవారు. కల్లు మానమని ఏడాది పొడుగునా చెప్పే తాతకు ఆ ముంతలు పగలగొట్టించడంలో రెండు సంతోషాలు. ఒక పెద్దాయన తన ముంత వాసన చూసి, "ఉపదేశిగారూ, ఇందులో ఇంకా కాస్త ప్రాణం ఉందండీ, ఇప్పుడే కొట్టమంటారా?" అన్నాడట. ఆ మాట చెప్పి అక్క ఇప్పటికీ నవ్వుతుంది.

వేషాలకు బట్టలెక్కడివి? ఊళ్ళో వీధి భాగవతాలాడేవాళ్ళను బతిమాలి కిరీటాలు, చెక్క కత్తులు తెచ్చేవారు. తేడా అక్కడే వచ్చింది. రైతుల పిల్లలు కాలవ గట్టు మీద నిలబడి చూసేవారు. వాళ్ళెరిగిన కిరీటాలు, వాళ్ళెరిగిన దిబ్బ. లేఖనంలోని వీరుడి పేరు వాళ్ళ నోరు తిరగలేదు. ముంతల వీరుడన్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, కయ్యం ఇలా జరిగిందని తమ పిల్లలకు చెప్పారు. తాత పోయాక నాటకం ఆగింది గానీ ముంతలు ఆగలేదు. ఊరే వాటిని తీసుకుంది. పసుపు కుంకుమలు వచ్చాయి, కొబ్బరికాయలు వచ్చాయి. కొన్నేళ్ళు మా వాళ్ళను దిబ్బ ఎక్కనివ్వలేదు. మా తాత నాటకాన్ని మేము కాలవ గట్టు మీద నిలబడి చూశాం. అప్పుడు బావ, ఇంకో ఇద్దరు పెద్దలు ఊళ్ళోకి వెళ్ళి, ముంతలు తెచ్చింది మా పేట కాబట్టి మొదటి ముంత మాదేనని వాదించి సాధించారు. ఆ ఏటి నుంచి అది అక్క చేతిలో ఉంది.

ఇదంతా చాలామందికి చాలాసార్లు చెప్పాను. అందరూ తల ఊపుతారు. ఏడు తిరిగేసరికి వీరుడికి ఇంకో ఆభరణం చేరుతుంది. చెప్పడం మానేశాను.

ఫోన్ వచ్చిన మర్నాడు రేపల్లె పాసింజరు ఎక్కాను. నేను వచ్చానని తెలిసి అయ్యగారే అక్క ఇంటికి వచ్చారు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో అంచున కూర్చున్నారు.

"వందనాలండి మాస్టారూ. నేను చెడ్డవాణ్ణి కాదండి."

"మిమ్మల్ని చెడ్డోరని ఎవరన్నారయ్యా?" అంది అక్క. "ముందు టీ తాగండి, చల్లారిపోద్ది."

ఆయన గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు. "నిరుటిదాకా అది ఉత్త దిబ్బేనండి. నేనేం అనలేదు. మొన్న విగ్రహం పెట్టారు. ఇప్పుడు ఆ బొమ్మకి హారతిచ్చి, ఆ హారతితోనే ముంతలో దీపం వెలిగిస్తారంట. ఆ ముంత పెద్దమ్మ చేతిలో ఉంటే, నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్నోళ్ళు ఏమనుకుంటారండి?"

"కొట్టేటప్పుడు నేనేమనుకుంటానో తెలుసా అయ్యా? మా తాత నేర్పిన కేకే. యెహోవా పేరే. వాళ్ళంతా ముంతల వీరుడికి జై అంటుంటే నేను నోట్లో నోట్లో అదే అనుకుంటాను."

"ఆయనకి వినపడుద్దండి, నాకు తెలుసు. పక్కనున్నోళ్ళకి వినపడదు కదండీ."

విగ్రహాలకు అర్పించినవాటి గురించి, బలహీనమైన మనస్సాక్షి గల సహోదరుని గురించి అపొస్తలుడు సంఘానికి రాసిన మాటలు ఎన్ని ఆదివారాలు పిల్లలకు చెప్పానో. ఇప్పుడు అవే మాటలు అరుగు మీద నా ఎదురుగా కూర్చున్నాయి.

"ఒక దారుంది మాస్టారూ," అన్నారు అయ్యగారు లేస్తూ. "ఈ ముంతలు లేఖనంలోవని తిరునాళ్ళ కమిటీవాళ్ళు మైకులో ఒక్క ముక్క చెబితే నాకు అభ్యంతరం లేదు. లేదంటే పెద్దమ్మే ఆ కేక పైకి వెయ్యాలి. అప్పుడది సాక్ష్యమవుద్ది."

ఆయన వెళ్ళాక అక్కతో అన్నాను. "పోనీ వదిలేయకూడదా? ఒక ముంత."

"వదిలేస్తే పేటోళ్ళని మళ్ళీ గట్టు మీద నిలబెడతార్రా," అంది అక్క. "మీ బావ దీని కోసం ఊళ్ళో ఎన్ని మాటలు పడ్డాడో నీకేం తెలుసు. నువ్వప్పుడు తెనాల్లో పాఠాలు చెప్పుకుంటున్నావు."

కమిటీ ఏం చెప్పినా పుస్తకం చూసే చెబుతుంది. తిరునాళ్ళ కోసం వీరుడి చరిత్ర అని చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. దాన్ని రాస్తున్నది బాపట్లలో ఉండే ఒక చరిత్ర లెక్చరర్. ఆయన కూడా రిటైరైనవారే. దిబ్బ పక్కన దొరికిన విరిగిన శాసనపు రాతిని చదివింది ఆయనే. ఆయన్ని కలవడానికి బాపట్ల వెళ్ళాను. స్టేషన్ దగ్గర సూర్యలంక బీచికి వెళ్ళే కుర్రాళ్ళు ఆటోలో వేలాడుతూ కేకలు వేస్తున్నారు. ఆయన ఇంట్లో మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రాతి మీద ఉన్నది కొంచెమేనండి," అన్నారు ఆయన. "కయ్యంలో పడిపోయిన కొడుకు పేర ఎవరో తల్లి గుడిలో దీపం పెట్టించింది. ఆ దీపానికి నెయ్యి కోసం గొర్రెలు ఇచ్చింది. కొడుకు పేరు ఉండాల్సిన చోట రాయి విరిగిపోయింది."

"ముంతలు?"

"లేవండి."

"వీరుడు?"

"రాతి మీద లేడండి. పుస్తకంలో ఉన్నాడు. నేనే రాశాను."

నేను ఆయన ముఖం చూశాను. ఆయన నవ్వారు, సరదాగా కాదు. "నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు మాస్టారూ. నేనైతే కనీసం ఆ గుర్రాన్ని తీసేయొచ్చని ఆశపడ్డాను. కమిటీ ఒప్పుకోలేదు. విగ్రహానికి అప్పటికే గుర్రం పోత పోసేశారంట."

మా తాత నాటకం గురించి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఒక వాక్యం చేరుస్తాననీ, దాన్ని ఉంచడం ఉంచకపోవడం కమిటీ ప్రెసిడెంటు చేతిలో ఉందనీ అన్నారు. తిరిగి వస్తూ రైల్లో నేను వీరుణ్ణి గురించి ఆలోచించలేదు. ఆ తల్లి గురించి ఆలోచించాను. ఆమె కొడుకు చనిపోయింది మాత్రం నిజం.

ప్రెసిడెంటుది ఊరి బయట రైసు మిల్లు. తవుడు దుమ్ములో, లారీల మధ్య నుంచి ఎదురొచ్చి నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు.

"రండి మాస్టారూ, కాఫీ చెప్పనా, మజ్జిగా?"

మజ్జిగ తాగి విషయం చెప్పాను. మధ్యలో అడ్డు తగల్లేదు. చివర్లో కుర్చీలో వెనక్కి వాలాడు.

"తెలుసండి."

"తెలుసా?"

"మా నాన్న చెప్పేవాడు. రాజు వేషం మీవాడిది, కిరీటం మావాడిది అని. ఆ కిరీటం తిరిగొచ్చేటప్పటికి కాకి బంగారం అంతా ఊడిపోయి వచ్చేదంట. దాని మీద ప్రతి ఏడూ తగువే." నవ్వాడు. నేనూ నవ్వాను.

"మరి తెలిసి కూడా..."

"నాకు తెలిసి ఏంటి ఉపయోగం మాస్టారూ? తెలిసినోళ్ళం ఎంతమందిమి మిగిలాం? పక్కూరోళ్ళు వీరుడు తమ కులంవాడని ఫ్లెక్సీ కట్టారు. మావాళ్ళు దానికి పోటీగా విగ్రహం పెట్టారు. ఇప్పుడు నేను మైకు పట్టుకుని, ఇది చర్చి నాటకంరా అబ్బాయిలూ అంటే, ఈసారి కయ్యం నాతోనే మొదలవుద్ది. ఆ దిబ్బలోనే పూడుస్తారు నన్ను."

గొంతు తగ్గించాడు. "పెద్దమ్మ మనసులో ఎవరిని తలుచుకున్నా నాకేం కాదండి. మైకు మాత్రం పక్కనే ఉంటుంది, చూసుకోమనండి. ఆ కేక పైకి వినపడిందా, వచ్చే ఏడు మొదటి ముంత మా ఇళ్ళ ఆడవాళ్ళకే ఇమ్మంటారు కుర్రాళ్ళు. నేను ఆపలేను. ఇది బెదిరింపు కాదండి. నాకు చేతకానిది చెబుతున్నాను."

అక్కకు ప్రెసిడెంటు మాటలు చేరవేశాను. పైకి అంటే దిబ్బ పోతుంది, అనకపోతే బల్ల పోతుంది. అక్క చేటలో మినుములు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"దిబ్బ మీదకొచ్చే పిల్లలు ఈ ఏడు చాలామంది ఉన్నార్రా," అంది చివరికి. ఏం చేయబోతోందో నేను అడగలేదు.

తిరునాళ్ళ రోజు, శనివారం మునిమాపుకి దిబ్బ చుట్టూ జనం. విగ్రహం మీద రంగు లైట్లు. వీరుడి ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో ముంత. మీసం భుజాల దాకా ఉంది. మైకులో ఒకతను వీరుడి పుట్టుక దగ్గర నుంచి చెప్పుకొస్తున్నాడు. తల్లి గర్భంలో ఉండగానే గుర్రం సకిలింపుకి బిడ్డ కదిలేవాడట. జనం చప్పట్లు కొట్టారు. అక్కడ పంచిపెట్టిన పుస్తకం నేను తిరగేశాను. మా తాత గురించిన వాక్యం లేదు. గొర్రెలిచ్చిన తల్లి కూడా లేదు. నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. కాళ్ళు లాగాయి. దిబ్బ అంచున కూర్చున్నాను.

పేట ఆడవాళ్ళు వరసలో వచ్చారు. ముందు అక్క. ఇప్పుడవి కల్లు ముంతలు కావు, రంగులేసి తెనాలి నుంచి తెప్పించినవి. వెనక పేట పిల్లలు, మంచి బట్టలు కట్టుకుని, దిబ్బ మీద నిలబడ్డామన్న సంబరంలో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ప్రెసిడెంటు మైకు పక్కన నిలబడి అక్కనే చూస్తున్నాడు. అయ్యగారు రాలేదు గానీ, ఆయన చెప్పిన కొత్త విశ్వాసులు కాలవ గట్టు మీద నుంచి చూస్తున్నారు.

బూర ఊదారు. అక్క ముంత ఎత్తింది. ఒక్క క్షణం ఆమె నోరు తెరుచుకుంది, గొంతు నరాలు ఉబ్బాయి. పైకి వేస్తుందనే అనుకున్నాను. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి పిల్లల వంక చూసింది. నోరు మూసుకుంది. పెదాలు మాత్రం కదిలాయి. ముంత నేలకు కొట్టింది. జై అని జనం చేసిన చప్పుడులో ముంత పగిలిన చప్పుడు కూడా వినపడలేదు.

మర్నాడు సంస్కారపు ఆదివారం. చర్చిలో అక్క తన చాప మీద, తన చోట కూర్చుంది. తెల్లచీర. పాటలన్నీ పాడింది. అయ్యగారు బల్ల దగ్గరకు పిలుపు చదివారు. ఒక్కొక్క వరసా లేచి వెళ్ళి మోకరించి వస్తోంది. మా వరస వచ్చింది. నేను లేచి అక్క కోసం ఆగాను. ఆమె చీర కొంగు తల మీదికి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళాను. రొట్టె నాలుక మీద పెట్టారు, గిన్నె అందించారు. అందరూ అయ్యాక కూడా అయ్యగారు గిన్నె పట్టుకుని, చాపల వైపు చూస్తూ, నిలబడే ఉన్నారు. పాట పాడేవాళ్ళు చరణం అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చారు. అక్క కళ్ళు తెరవలేదు. ఆయన గిన్నె దించి, మీద తెల్లగుడ్డ కప్పారు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆయన అక్కను ఆపారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, మీరు లేచి వచ్చి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకే తెలీదండి."

"అందుకే లేవలేదయ్యా," అంది అక్క. చెప్పులేసుకుని ఇంటికి నడిచింది.

నేను తెనాలి వచ్చేశాను. ఆ తర్వాత సంస్కారాలు వచ్చాయి, పోయాయి. అక్క చర్చికి వెళ్తూనే ఉంది, చాప మీద నుంచి లేవకుండానే ఉంది. అయ్యగారు ఇంటికి వస్తున్నారు, టీ తాగుతున్నారు, ఇద్దరూ ఆ మాట ఎత్తడం లేదు. ఎవరిది తప్పో నన్ను అడగకండి. ఎంత ప్రార్థించినా నాకు తేలలేదు. తేల్చే బలం కూడా నాలో మిగల్లేదు.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ సంఘంవారైనా సరే, ఉన్నచోటే ఒక్క నిమిషం తల వంచి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆకలితో కూర్చున్న మా అక్కను నీ బల్ల దగ్గరకు నువ్వే లేపు. నీ గిన్నె పట్టుకుని నిలబడిన ఆ చిన్నవాడికి నీ మనసు ఇవ్వు. ఆ నేలలో పడి ఉన్న పేరు తెలియని బిడ్డల మీద మేము కట్టిన కథలను క్షమించు. అలసిపోయిన మమ్మల్ని విడిచిపెట్టకు. ఆమేన్ అని మీరు కూడా అనండి.